పాలిటెక్నిక్, ఐటీఐలపై తిరుగుతున్న సందేశానికి జవాబు

పదో తరగతి ఫలితాలు వచ్చిన నాటి నుంచి బంధువులు, మిత్రులు, చివరకు ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారు కూడా నాకు ఒకే సందేశాన్ని పంపుతున్నారు. "పది తర్వాత తల్లిదండ్రులు చేయకూడని తప్పులు" అని దాని శీర్షిక. అందులో చెప్పినవి అయిదు సంగతులు: ఎంపీసీ తీసుకుంటే అన్ని దారులూ తెరిచే ఉంటాయట, డాక్టరు సీటు రాకపోతే బైపీసీ వృథా అట, కామర్సు లెక్కలు రానివారి కోసమట, పాలిటెక్నిక్‌లోనో వృత్తిపనులు నేర్పే ఐటీఐలోనో చేరినవారి చదువు అక్కడితో ఆగిపోతుందట, బిల్ గేట్స్ కాలేజీ మానేసి గొప్పవాడయ్యాడు కాబట్టి డిగ్రీల కోసం పాకులాడనక్కరలేదట. నాలుగోది, అయిదోది ఒకే మనిషి ఒకే పూట రాశాడంటే నమ్మబుద్ధి కాదు. పంపినవారిలో ఒక్కరికీ ఆ అనుమానం రాలేదు.

మొదటి అంశంలో చాలా వరకు నిజముందని ఒప్పుకోక తప్పదు. ఏం కావాలో ఇంకా తేల్చుకోని, లెక్కలంటే భయం లేని విద్యార్థికి ఎంపీసీ మంచి ఎంపికే. అది చదివినవారు ఆ తర్వాత లా వైపు వెళ్లవచ్చు, సీఏ చేయవచ్చు, బీఏలోనూ చేరవచ్చు. సైనికాధికారులను తయారుచేసే జాతీయ రక్షణ అకాడమీ (ఎన్‌డీఏ) ద్వారా నౌకాదళానికో వైమానిక దళానికో వెళ్లదలచిన వారికి ఫిజిక్సు, మ్యాథ్స్ తప్పనిసరి కూడా. అయితే జీవశాస్త్రం చదవకుండా వైద్య ప్రవేశ పరీక్ష నీట్ రాయడం కుదరదు కాబట్టి "అన్ని దారులూ" అన్న మాట చెల్లదు.

రెండోదానికి ఎక్కువసేపు అక్కరలేదు. అగ్రికల్చర్ బీఎస్సీ, వెటర్నరీ, ఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ ఇవన్నీ బైపీసీ చదివినవారు చేరదగినవే. ఇక మూడోది, కామర్సు. సీఏలో తొలి మెట్టయిన ఫౌండేషన్ పరీక్షలో ఉండే నాలుగు పేపర్లలో ఒకటి పూర్తిగా గణితం, లాజికల్ రీజనింగ్, స్టాటిస్టిక్స్. అందులో తప్పు జవాబుకు మార్కులు కోస్తారు కూడా. లెక్కలు రానివారి మీద జాలితోనే ఆ పేపరు పెట్టి ఉంటారు.

నన్ను ఇది రాయడానికి కూర్చోబెట్టింది నాలుగో అంశం. మిగతావి చదివి నవ్వుకుని వదిలేయవచ్చు. దీన్ని నమ్మితే మాత్రం చేతిపని మీద ఇష్టం ఉన్న పిల్లవాడిని బలవంతంగా తెచ్చి రెండేళ్లపాటు కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో కూర్చోబెడతారు.

ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి పాలిటెక్నిక్ డిప్లొమాలో చేరితే మూడేళ్లు. ఆ తర్వాత డిప్లొమా చేసినవారి కోసం పెట్టే ఈసెట్‌లో ర్యాంకు తెచ్చుకుంటే బీటెక్ రెండో సంవత్సరంలోనే నేరుగా ప్రవేశం దొరుకుతుంది కనుక మరో మూడేళ్లు. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు కలిపినా అవే ఆరేళ్లు. "చదువు ఆగిపోతుంది" అని రాసిన పెద్దమనిషి ఏ వేలు మడవడం మరిచిపోయాడో తెలియదు. పైగా డిప్లొమా విద్యార్థి చేతిలో మూడో ఏటికే ఒక అర్హతాపత్రం ఉంటుంది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్, రైల్వేలు నిర్వహించే జూనియర్ ఇంజినీరు పరీక్షలను దానితో రాయవచ్చు. ఇంట్లో పరిస్థితి బాగాలేక చదువు మధ్యలో ఆపవలసి వస్తే ఈ తేడా విలువ ఎంతో తెలుస్తుంది. వ్యవసాయ పాలిటెక్నిక్ చదివినవారికి కూడా అగ్రిసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా అగ్రికల్చర్ బీఎస్సీకి దారి ఉంది.

ఐటీఐ సంగతి కూడా ఇంతే. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ ట్రేడులు రెండేళ్లు, వెల్డర్ ఒక ఏడాది. రెండేళ్ల ట్రేడు పూర్తిచేసినవారు నిర్ణీత పరీక్ష దాటితే డిప్లొమా రెండో సంవత్సరంలో చేరవచ్చు. లేదా 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం కింద స్టైపెండు తీసుకుంటూ కర్మాగారంలో పని నేర్చుకోవచ్చు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి పదో తరగతితో పాటు నిర్దేశించిన ట్రేడులో ఐటీఐ ఉంటే దరఖాస్తు చేసుకోవచ్చు. శ్రీహరికోటలో టెక్నీషియన్ పోస్టులకు అడిగేదీ పదో తరగతి, ఐటీఐలే. రాకెట్టు ఎగిరినప్పుడు, ఈ సందేశం తిరిగే గ్రూపుల్లోనే జెండా బొమ్మలు పెట్టేవారికి ఆ సంగతి చెబితే బాగుండును.

అసలు ఆ చదువు ఎలా ఉంటుందో ఈ సందేశం పంపేవారిలో ఎంతమంది చూశారో నాకు అనుమానమే. ఫిట్టర్ ట్రేడులో చేరిన కుర్రవాడు మొదట ఒక ఇనుప ముక్కను వైసులో బిగించి, ఆకురాయితో రుద్ది అంచులను చదును చేస్తాడు. దాని మీద మూల సరిచూసే ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే, సందులోంచి వెలుగు సన్నగీతలా కనిపించినా మళ్లీ రుద్దవలసిందే. వెర్నియర్ కాలిపర్స్ మీద 0.02 మిల్లీమీటరు తేడాను చదవడం కూడా అక్కడే నేర్చుకుంటాడు. దీన్ని తెలివి అక్కరలేని పని అనేవారు ఒక్క అంచును సాపు చేసి చూపించాలి.

అయితే ఈ దారిలో నిజమైన ఇబ్బందులు ఉన్నాయి. సందేశం రాసినవారికి అవి తెలియవు కాబట్టి నేనే చెబుతాను. ఈసెట్ ద్వారా బీటెక్‌లో చేరినవారు మొదటి సంవత్సరపు గణితం చదవకుండానే రెండో సంవత్సరపు గణితంలో దిగుతారు, కొన్ని నెలలపాటు చాలా కష్టపడతారు. కొన్ని ఐటీఐలలో యంత్రాలు పేరుకే ఉంటాయి. లేత్ మీద కప్పిన గుడ్డ తీయకుండానే ఏడాది గడిచిపోయే చోట్లు లేకపోలేదు. చేర్చే ముందు తల్లిదండ్రులు వర్క్‌షాపు చూపించమని అడగాలి, యంత్రం నడిపించి చూపమనాలి, ఆ ట్రేడుకు కేంద్ర ప్రభుత్వ శిక్షణ విభాగం (డీజీటీ) గుర్తింపు ఉందో లేదో సరిచూసుకోవాలి. ఈ మూడు వాక్యాలు ఆ సందేశంలో ఉండి ఉంటే నేనే పదిమందికి పంపేవాడిని.

అయిదో అంశం మిగిలింది. బిల్ గేట్స్ 1975లో మానేసింది హార్వర్డ్ చదువు. అప్పటికి ఆయన ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టి ఏడేళ్లయింది. 1968లో తన పాఠశాలకు టెర్మినల్ వచ్చిన నాటి నుంచి దాని ముందు కూర్చుని చేత్తో పని నేర్చుకున్నాడు. మన పిల్లలు ఆయనలాగే కాలేజీ మానేయాలని అంత పట్టుదలగా ఉంటే, ముందు హార్వర్డ్‌లో సీటు సంపాదించాక ఆ సంగతి మాట్లాడుకుందాం.