ఆసుపత్రి గేటు దగ్గరే ఆగిపోతున్న డిజిటల్ రికార్డుల డబ్బు

రోగుల రికార్డులను కంప్యూటర్లలోకి తెచ్చే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌కు 2022 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ ఐదేళ్లకు గాను 1,600 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 2023 జనవరి 1 నుంచి దానికి తోడు ప్రోత్సాహక పథకం ఒకటి వచ్చింది. ఆసుపత్రులు, ల్యాబులు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు రోగి రికార్డును ఆభా నంబరుకు, అంటే మనిషికొకటిగా ఇచ్చే ఆరోగ్య గుర్తింపు సంఖ్యకు జోడిస్తే రికార్డుకు ఇంత చొప్పున, గరిష్ఠంగా 4 కోట్ల దాకా ఇస్తామన్నారు. మంచి పనే, కాదనను. కానీ ఆదోని, కదిరి, ప్రొద్దుటూరు చుట్టుపక్కల పల్లెల్లో పక్షవాతం వచ్చి, తుంటి ఎముక విరిగి, మతిమరుపు ముదిరి ఏళ్ల తరబడి మంచంలో ఉన్నవాళ్ల వంతు ఇందులో ఎంత అని వెతికితే చేతికి ఏమీ తగలదు. ఎవరో మరిచిపోవడం వల్ల ఇలా జరిగిందని నేను అనుకోను. డబ్బును లెక్కగట్టిన పద్ధతే వాళ్లను బయట పెట్టింది.

ఆ లెక్క ఇదీ. పథకం మొదలైనప్పుడు పది, అంతకు మించి పడకలున్న ఆసుపత్రికి పెట్టిన షరతు, పడకకు నెలకు 50 రికార్డులు. అవి దాటాక ఒక్కో రికార్డుకు 20 రూపాయలు. ఓపీకి రోజూ వందల మంది వచ్చిపోయే ఆసుపత్రికి ఇది పెద్ద పని కాదు, పడక మీద మనిషి కూడా నాలుగు రోజులకోసారి మారుతుంటాడు. ఇప్పుడు 25 మంది ముసలివాళ్లున్న ఆశ్రమాన్ని ఇదే త్రాసులో పెట్టండి. నెలకు 1,250 రికార్డులు దాటితే తప్ప మొదటి 20 రూపాయలు రావు. అక్కడ పొద్దున లేస్తే అదే 25 మంది, అవే మందులు. ఒక్కో మనిషి పేర నెలకు 50 కాగితాలు ఎక్కడి నుంచి పుట్టుకొస్తాయి? అసలు అంత దూరం పోనక్కర్లేదు. ఆశ్రమం వయోవృద్ధుల సంక్షేమం కిందికి వస్తుంది, డిజిటల్ డబ్బు ఆరోగ్య శాఖ దారిలో వస్తుంది. ఆశ్రమంలో డాక్టరు లేడు కాబట్టి అది ఆరోగ్య కేంద్రం కిందికి రాదు. ఇంట్లో కోడలు చూసుకుంటున్న ముసలాయన అయితే ఏ లెక్కలోకీ రాడు.

ఈ తప్పు మనకంటే ముందు అమెరికా చేసింది. 2009లో హైటెక్ చట్టం తెచ్చి, కంప్యూటర్ రికార్డులకు మారిన ఆసుపత్రులకు, డాక్టర్లకు వేల కోట్ల డాలర్లు ఇచ్చారు. 2008లో పదింట ఒక ఆసుపత్రిలో కూడా సరైన ఎలక్ట్రానిక్ రికార్డు లేదు, 2015 నాటికి పదింట ఎనిమిదింటికి వచ్చింది. డబ్బు పనిచేసిందనే చెప్పాలి. కానీ నర్సింగ్ హోములను, ఇంటికొచ్చి చూసే సంస్థలను అర్హుల జాబితాలో పెట్టలేదు. దాంతో ఆసుపత్రిలో కంప్యూటర్ మీద తయారైన డిశ్చార్జి సమాచారం ప్రింటు తీసి ఫ్యాక్స్ చేస్తే, అవతల నర్సు దాన్ని మళ్లీ చేత్తో ఎక్కించుకునేది. అక్కడి నర్సింగ్ హోముల్లో కంప్యూటర్లు లేవని కాదు. ప్రతి నివాసి పరిస్థితిని నిర్ణీత ఫారంలో ప్రభుత్వానికి ఎలక్ట్రానిక్‌గా పంపడం 1990ల నుంచే ఉంది. పైకి పంపడానికి ఏర్పాటు ఉంది, పక్క ఆసుపత్రితో మాట్లాడుకోవడానికే లేదు. 2022లో అక్కడి శాస్త్ర, వైద్య నిపుణుల సంస్థ నేషనల్ అకాడమీస్ ఇచ్చిన నివేదిక నర్సింగ్ హోములకు కూడా ఈ పనికి ప్రోత్సాహకాలు ఇవ్వాలని చెప్పింది, అంటే చట్టం వచ్చిన పదమూడేళ్లకు. మనం ఆ పదమూడేళ్లూ ఎందుకు పోగొట్టుకోవాలి?

సమాచారం పక్కకు పోకపోతే ఏమవుతుందో రెండు వస్తువుల దగ్గర చూపిస్తాను.

మొదటిది ఇన్సులిన్. డిశ్చార్జి కాగితం మీద "20 యూనిట్లు, పొద్దున" అని ఉంటుంది. సీసానా, పెన్నా అన్నది ఉండదు. మన దగ్గర మామూలుగా దొరికే సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, పెన్ను కార్ట్రిడ్జ్‌లో 100. సిరంజిలూ రెండు రకాలు, 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ మూత. ఆసుపత్రిలో పెన్నుతో ఇచ్చారు. ఊళ్లో పెన్ను సూదులు అయిపోయాయి, ఇంట్లో ఉన్న ఎర్రమూత సిరంజితో కార్ట్రిడ్జ్ లోంచి 20 గీత దాకా లాగారు. లోపలికి పోయేది అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు, రాసినదానికి రెండున్నర రెట్లు. మధ్యాహ్నానికి ముసలామె చెమటలు పట్టి పలకదు. ఇంట్లోవాళ్లు మళ్లీ పక్షవాతం వచ్చిందనుకుని ఆటో మాట్లాడతారు. "పెన్ను, 100 బలం" అన్న మూడు మాటలు ఇంట్లో మనిషి చదవగలిగేలా తెలుగులో ఉంటే ఇది జరగదు.

రెండోది మూత్రపు గొట్టం. పసుపుపచ్చగా రబ్బరులా కనిపించేది లేటెక్స్, రెండు నుంచి నాలుగు వారాల్లో మార్చాలి. అద్దంలా తెల్లగా కనిపించేది పూర్తి సిలికాన్, పన్నెండు వారాల దాకా ఉంచొచ్చు. ఏది వేశారు, ఏ తేదీన వేశారు అన్నది వార్డు కేసు షీటులో ఉంటుంది. ఆ షీటు ఆసుపత్రిలో ఉండిపోతుంది, ఇంటికి వచ్చేది డిశ్చార్జి కాగితం. ఏఎన్ఎం వచ్చి "ఎప్పుడు ఏసినారు?" అంటే "ఆస్పత్రిలో ఏసినారు మేడం, యాపొద్దో గుర్తులే" అంటారు. తేదీ తెలియని గొట్టం లోపల ఉప్పు పేరుకుని మూసుకుపోతుంది, లేదా చీము పట్టి జ్వరం వస్తుంది. అప్పుడు మళ్లీ అంత దూరం కర్నూలుకో కడపకో ప్రయాణం. ఒక తేదీ లేకపోవడం వల్ల ఒక ఐసీయూ పడక నిండుతుంది.

ఇక ఇప్పుడున్న డిజిటల్ వ్యవస్థలో ఇవి రాయడానికి చోటుందా? ఆభాకు జోడించే రికార్డుల్లో ఓపీ కన్సల్టేషన్, డిశ్చార్జి సమ్మరీ, ప్రిస్క్రిప్షన్, ల్యాబ్ రిపోర్ట్, టీకాల రికార్డు, వెల్‌నెస్ రికార్డు, ఏదైనా కాగితాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించే హెల్త్ డాక్యుమెంట్ రకాలున్నాయి. మంచం మీది మనిషికి కావలసినవన్నీ కలిపిన నర్సింగ్ అప్పగింత అనే రకం లేదు. పైగా చేతిరాత చీటీని ఫోటో తీసి ఎక్కించినా అది రికార్డుగా చెల్లుతుంది. ఆ ఫోటోలో మందు పేరును కంప్యూటరు నమ్మకంగా చదవలేదు, పాత మందు ఆపారా లేదా అన్నది తేల్చలేదు. రికార్డుకు ఇంత అని డబ్బు కడితే వచ్చేవి ఫోటోలే. మనుషులది దురాశ అని నేను అనను, దేనికి డబ్బు ఇస్తే అదే తయారవుతుంది.

ఓటీపీ సంగతి మన కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల వాళ్లకు చెప్పక్కర్లేదు. కోసిగి, పెద్దకడబూరు వైపు నుంచి కుటుంబాలు సుగ్గికి, అంటే పంట కోతల వలసకు, గుంటూరు మిరప చేలకు పోతాయి. ముసలివాళ్లు ఇంటి దగ్గర, ఆధార్‌కు లింకయిన ఫోను కొడుకుతో పాటు చేనులో. ఆసుపత్రి పాత రికార్డు చూడాలంటే అనుమతి అడుగుతూ ఆ ఫోనుకే కబురు పోతుంది. వేలిముద్ర పెడదామంటే జీవితమంతా మట్టిలో చేసిన చేతులకు గీతలు అరిగిపోయి ఉంటాయి. ఫేస్ అథెంటికేషన్ ఉంది గానీ మూతి వంకరపోయిన మనిషిని కెమెరా ముందు కళ్లు ఆర్పమంటే ఎంతసేపు? ఇక మాట పడిపోయిన మనిషి తరఫున అనుమతి ఎవరివ్వాలి? 2023 డేటా రక్షణ చట్టం చట్టబద్ధ సంరక్షకుడు అంటుంది, అంటే కోర్టో, అధికారమున్న కమిటీయో నియమించిన మనిషి. రాయలసీమలో అత్తను చూసుకునే కోడలి దగ్గర కోర్టు కాగితం ఎక్కడుంటుంది? రోజూ చూసుకునే మనిషిని ఏఎన్ఎం, గ్రామ సచివాలయం కలిసి ధ్రువీకరిస్తే చాలన్న నిబంధన లేకుండా ఎన్ని సర్వర్లు కొన్నా తాళం తీయడం కుదరదు.

ఇన్ని ఇబ్బందులున్నా ఆంధ్రప్రదేశ్ చేతిలో మంచి వసతి ఒకటి ఉంది. 2024 జూలై నుంచి పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకు, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవాళ్లకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. నెల మొదట్లో సచివాలయం ఉద్యోగి ఫోను పట్టుకుని ఇంటికే వెళ్లి ఇస్తున్నాడు. 2025 జనవరిలో డాక్టర్ల బృందాలు ఈ పింఛనుదారుల ఇళ్లకు పోయి పరిశీలన కూడా చేశాయి. అంటే దీర్ఘకాల సంరక్షణ కావలసిన మనుషుల జాబితా ఇంటి నంబరుతో సహా ప్రభుత్వం దగ్గర ఉంది. డాక్టరు గడప దాకా వెళ్లాడు. కానీ ఆ తనిఖీ అర్హుడా కాదా తేల్చడానికి. వీపు మీద పుండు ఏ దశలో ఉంది, మింగగలుగుతున్నాడా, గొట్టం ఎప్పుడు మార్చాలి అన్నవి అదే పూట రాసి ఊరి ఏఎన్ఎంకు అప్పగించే పని ఎవరికీ చెప్పలేదు. అంత దూరం పోయిన డాక్టరు సమయం అలా వృథా కావడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

డబ్బు దేనికివ్వాలో నా అభిప్రాయం చెప్తాను. ట్యాబ్‌ల టెండరుతో మాత్రం మొదలుపెట్టొద్దు. ఒకేసారి కొని పంచిన పరికరం మొదటి ఏడు బాగుంటుంది. తర్వాత వారంటీ అయిపోతుంది, మన ఎండలకు బ్యాటరీ ఉబ్బుతుంది, యాప్ కొత్త వెర్షన్ పాత ఆండ్రాయిడ్ మీద ఎక్కదు, రీచార్జి ఏఎన్ఎం జేబులోంచి పోతుంది. కొనుగోలుకు బడ్జెట్ పద్దు ఉంటుంది, మరమ్మతుకు ఉండదు. అందుకే ఒకేసారి ఇచ్చే గ్రాంటు బదులు మనిషికి నెలకు ఇంత అని, ఆ మనిషి సంరక్షణలో ఉన్నంతకాలం ఇవ్వాలి. అందులో ఎక్కువ భాగం రాసే మనిషి జీతానికి పోవాలి. ఒక్కో నివాసికి రోజుకు ఐదు నిమిషాలు రాయాలన్నా 25 మందికి రెండు గంటల పైమాటే. ఆ రెండు గంటలకు జీతం కట్టకుండా ఆయానే రాయమంటే, నెలాఖరున ఒక్కసారే కూర్చుని ముప్పై రోజుల బీపీ 120/80 అని నింపేస్తుంది. ఆమెను తప్పు పట్టలేం, రెండు గంటలకోసారి మనుషులను పక్కకు తిప్పే పని కూడా ఆమెదే.

యాప్ విషయంలో మూడు షరతులు టెండరులోనే రాయాలి. నెట్ లేకపోయినా పనిచేసి, సిగ్నల్ దొరికినప్పుడు తనంతట తాను పంపాలి. ఒకసారి కొట్టిన బీపీ, షుగరు మిగతా ప్రభుత్వ పోర్టళ్లకు వాటంతటవే పోవాలి, ఏఎన్ఎం అదే అంకెను ఇంకో చోట కొట్టకూడదు. ఇంట్లోవాళ్ల కోసం తెలుగులో ఒక పేజీ ప్రింటు రావాలి. ఆ పేజీ మీద మందు అసలు పేరు, వేళ, ఎప్పటిదాకా వాడాలి, కొత్తగా ఆపేసిన మందులు ఏవి, ఇన్సులిన్ అయితే సీసానా పెన్నా, ఏ మూత సిరంజి, గొట్టం రకం, వేసిన తేదీ, మార్చాల్సిన తేదీ, పుండు ఎక్కడ ఏ దశలో, తిండి నోటితోనా ముక్కు పైపుతోనా, రాత్రి ఏ నంబరుకు ఫోను చేయాలి. ఆపేసిన మందుల వరుస ముఖ్యంగా ఉండాలి. పాత డాక్టరు రాసిన బీపీ మాత్ర, ఆసుపత్రిలో రాసిన అదే మందు వేరే కంపెనీ పేరుతో, రెండూ కలిపి మింగి కళ్లు తిరిగి పడిపోవడం ప్రతి ఊళ్లోనూ ఉంది.

ఆసుపత్రికి రికార్డుకు ఇంత అని ఇచ్చే డబ్బులోనూ మార్పు రావాలి. డిశ్చార్జి రికార్డు ఎక్కించినందుకు సగం, ఆ పేజీ అందిందని ఊరి హెల్త్ క్లినిక్కో ఆశ్రమమో నొక్కినప్పుడు మిగతా సగం. అప్పుడు పంపినవాడు అవతల చేరిందో లేదో కనుక్కుంటాడు, చదవలేని ఫోటోను అవతలివాడు వెనక్కి కొడతాడు.

రాష్ట్రమంతా ఒక్కసారి అక్కర్లేదు. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఒక్కో మండలం తీసుకుని, 15,000 పింఛను జాబితాలో ఉన్నవాళ్లతోనే మొదలుపెట్టొచ్చు. ఆరు నెలలు నాలుగే విషయాలు కొలవాలి. గొట్టాలు గడువు లోపల ఎన్ని మార్చారు, కొత్త పుండ్లు ఎన్ని పడ్డాయి, డిశ్చార్జి అయిన ముప్పై రోజుల్లో ఎంతమంది మళ్లీ ఆసుపత్రికి పోయారు, ఏఎన్ఎం రాతకు రోజుకు ఎన్ని నిమిషాలు పెరిగాయి లేక తగ్గాయి. ఎన్ని ఆభా నంబర్లు తయారయ్యాయన్నది మాత్రం ఆ పట్టికలో పెట్టొద్దు, అది పెడితే మళ్లీ అందరి కళ్లూ దాని మీదికే పోతాయి. సచివాలయంలో, పీహెచ్‌సీలో పనిచేసేవాళ్లు ఆ ఒక్క పేజీలో ఇంకేం ఉండాలో, ఏది తీసేయొచ్చో కింద రాయండి. గొట్టాలు మార్చేది, పుండ్లు కడిగేది మీరే కాబట్టి ఆ ఫారం మీ మాట ప్రకారమే తయారవ్వాలి.