లైసెన్సులో రాసింది కొనుగోలు, అమ్మకం. యార్డులో జరిగేది వేరు

మొన్నటి వానకు మా ఇంటి వెనక కాలువ పొంగింది. నీళ్ల మీద నెమలికంఠం రంగులు తేలుతుంటే మా చంటిది చప్పట్లు కొట్టింది. అది ఇంజిన్ ఆయిల్ అని దానికేం తెలుసు! కాలువకు అవతలి గట్టున తుక్కు యార్డు ఉంది. పాత ఆటోలు, స్కూటర్లు, లారీ క్యాబిన్లు అక్కడికి వస్తాయి. ఇంజిన్ దించే ముందు కింది నట్టు విప్పి ఆయిల్‌ను నేల మీదికే వదిలేస్తారు. పైన కాస్త రంపపు పొట్టు చల్లుతారు. ఎండాకాలమంతా ఆ నేల తారులా నల్లగా గట్టిపడి ఉంటుంది. వాన పడగానే కరిగి కాలువ దారి పడుతుంది. ఆ కాలువకు ఇరవై అడుగుల దూరంలో మా వీధి చేతిపంపు.

ఫిర్యాదు పట్టుకొని పురపాలక కార్యాలయానికి వెళ్లాను. "వాళ్లకు లైసెన్స్ ఉందండీ, రుసుము బకాయి కూడా లేదు" అని అక్కడి ఉద్యోగి కాగితం తీసి చూపించారు. లైసెన్స్ ఉన్న మాట నిజమే. అందులో వ్యాపారం పేరు దగ్గర "పాత ఇనుప సామాను కొనుగోలు, అమ్మకం" అని ఉంది. బండి విప్పడం, గ్యాస్ కట్టర్‌తో కోయడం, బ్యాటరీ పగలగొట్టడం, ఏసీ గ్యాస్ వదిలేయడం గురించి ఒక్క ముక్క లేదు. అది చదివితే అక్కడ ఒక కాటా, నాలుగు ఇనుప కుప్పలు తప్ప మరేమీ ఉండవనిపిస్తుంది.

నా కోపమంతా ఆ ఒక్క పంక్తి మీదే. ప్రమాదకర, హానికర వ్యాపారాలకు విడిగా లైసెన్స్ ఇచ్చే అధికారం పురపాలక సంఘాలకు ఎప్పటినుంచో ఉంది. అది ఎందుకు పెట్టారు? పక్కింటివాళ్ల నీళ్లు, గాలి పాడవకుండా చూడడానికి. ఇప్పుడది రుసుము వసూలుకు రసీదు పుస్తకంగా మిగిలింది. హైదరాబాద్‌లో ట్రేడ్ లైసెన్స్ రుసుమును దుకాణం విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు చూసి లెక్కగడతారు. రోడ్డు వెడల్పు కొలిచేవాళ్లు లోపలి నేలను చూడరా? మాస్టర్ ప్లాన్ పటంలో మా వీధికి పసుపు రంగు వేశారు, అంటే నివాస ప్రాంతం. లైసెన్స్ ఇచ్చే విభాగం, పటం గీసే విభాగం ఒకే భవనంలో ఉన్నాయి. అయినా ఒకరి కాగితాన్ని ఒకరు చూసుకోలేదు.

చట్టం లేదని ఎవరూ చెప్పకండి. వాహనాల తుక్కు కేంద్రాల నమోదుకు కేంద్రం 2021 సెప్టెంబరులో నిబంధనలు తెచ్చింది. బండిలోని ఆయిల్, బ్యాటరీ, గ్యాస్ వంటివి ముందు సురక్షితంగా తీయాలి, ఆ తర్వాతే విప్పాలి. అది దొంగ బండి కాదని నేర రికార్డుల్లో సరిచూడాలి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. మంచి నిబంధనలు. కానీ దరఖాస్తుకు లక్ష రూపాయలు, ఆపైన పది లక్షల బ్యాంకు గ్యారంటీ. మా గట్టు మీద యార్డు నడిపే ఆయన అంత సొమ్ము ఎక్కడ తెస్తాడు? నేను గొడవకు వెళ్తే ఆయన బల్ల మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. "పద్నాలుగేళ్లప్పుడు ఆటోనగర్‌లో స్పానర్ పట్టానండీ. ఇది తప్ప నాకు ఇంకో పని రాదు. ఎక్కడికి పొమ్మంటారో మీరే చెప్పండి" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. జవాబు చెప్పాల్సిన కార్యాలయం ఆయనను ఇంతవరకు అడగనే లేదు.

మన ప్రభుత్వాలు ఈ వ్యాపారాన్ని మొదటినుంచీ పోలీసు కంటితోనే చూశాయి. మీరట్‌లోని సోతీగంజ్ దొంగ బండ్లు విప్పే బజారుగా దేశమంతా పేరు మోసింది. 2021 డిసెంబరులో పోలీసులు దాన్ని మూయించారు. దొంగలను పట్టుకోవలసిందే, అందులో వాదన లేదు. కానీ అక్కడ ఏళ్ల తరబడి నేలలో ఇంకిన ఆయిల్ మాటేమిటి? దాని మీద ఎవరు కేసు పెట్టారు?

2021 నిబంధనల్లోనే ఒక దారి ఉంది. తుక్కు కేంద్రం పెద్ద కంపెనీ చేతిలోనే ఉండాలని వాటిలో లేదు. వ్యక్తి పెట్టవచ్చు, సొసైటీ కూడా పెట్టవచ్చు. మా ఊళ్లో ఇలాంటి యార్డులు ఆరేడు ఉన్నాయి. వాళ్లంతా ఒక సంఘంగా ఏర్పడితే, మాస్టర్ ప్లాన్‌లో పరిశ్రమలకు కేటాయించిన చోట పురపాలక సంఘం స్థలం లీజుకు ఇవ్వవచ్చు. కాంక్రీటు నేల, పైన రేకుల కప్పు, ఆయిల్‌ను నీటినుంచి వేరు చేసే తొట్టి, బ్యాటరీలకు విడి గది. గ్యారంటీ భారం అందరూ పంచుకుంటారు. 2025 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కాలం చెల్లిన వాహనాల నిబంధనలు తుక్కు బాధ్యతను బండ్లు తయారుచేసే కంపెనీల మీద కూడా పెట్టాయి. ఆ బాధ్యత తీర్చామని చూపడానికి కంపెనీలు కొనే సర్టిఫికెట్లు నమోదైన కేంద్రాలనుంచే పుడతాయి. అంటే నమోదైతే ఆ డబ్బులో వాటా వీళ్లకూ వస్తుంది. నమోదు లేనివాడికి తుక్కు ధర ఒక్కటే దిక్కు.

వచ్చే సోమవారం అర్జీ ఇస్తున్నాను. యార్డు మూయించమని రాయలేదు. మూడే అడిగాను: లైసెన్సులో చేసే పని పేరు ఉన్నదున్నట్టు రాయాలి, స్థలం దొరికేదాకా ఆయిల్ పట్టడానికి డ్రమ్ములు పెట్టించాలి, చేతిపంపు నీళ్లు పరీక్షించాలి. మీ వీధి చివర కూడా ఇలాంటి యార్డు ఉంటే, దాని లైసెన్సులో ఏమని రాశారో అడిగి తెలుసుకొని నాకు రాయండి. అర్జీకి జతచేస్తాను.