మా పిల్లల యాసకు ఒక అరగంట

మొన్న డబ్లిన్‌లో జరిగిన మన తెలుగువాళ్ల ఉగాది సభలో, ఐర్లండ్ పడమట ఉన్న మా మేయో కౌంటీ పిల్లల అంశం రద్దయిన సంగతి చాలామంది గమనించి ఉండరు. పంచాంగ శ్రవణం అయ్యాక, ముఖ్య అతిథి ప్రసంగానికి ముందు, కార్యక్రమ పత్రంలో పదిహేను నిమిషాలు మా పిల్లలకి రాసి ఉన్నాయి. ఐదుగురు పిల్లలు మూడు గంటలు కార్లలో కూర్చుని డబ్లిన్ వచ్చారు. అంతకుముందు నెలన్నర పాటు ప్రతి ఆదివారం మా ఇంట్లో రిహార్సల్ చేశారు. వాళ్లు వేయాలనుకున్నది ఒక రేడియో నాటిక. పలాస దగ్గర ఉంటున్న మా అమ్మ, జీడితోటలోకి ఎలుగుబంటి వచ్చిన రాత్రి గురించి ఫోన్లో చెబితే వాళ్లే కూర్చుని రాసుకున్నారు. ఎలుగుబంటి అరుపు కోసం ఒక పిల్లాడు ప్లాస్టిక్ బకెట్‌లో తల పెట్టి సాధన చేశాడు.

అతిథి ఆలస్యంగా వచ్చారు. హాలు ఐదింటికి ఖాళీ చేయాలి. ఇదంతా నాకు అర్థమవుతుంది. అద్దె గంటల లెక్కన కడతామనీ, తెల్లవారుజామున లేచి పులిహోర కలిపేవాళ్లు ఒక్క యూరో కూడా తీసుకోరనీ తెలుసు. నేనూ రెండేళ్లు ఆ వంటగదిలో పనిచేశాను. నాకు బాధ కలిగింది రద్దు చేసినందుకు కాదు. స్టేజి పక్కన ఒక పెద్దాయన, మంచి మనసుతోనే, "వచ్చేసారి తప్పకుండా పెడదాం అమ్మా. ఈలోగా పిల్లల తెలుగు కొంచెం శుభ్రం చేయించండి" అన్నారు. మా అమ్మాయి చేతిలో కాగితం అలాగే ఉంది. అందులో మొదటి మాట "నానొచ్చీసినాను". తిరుగు ప్రయాణంలో లాంగ్‌ఫర్డ్ దాటేదాకా అది నోరు విప్పలేదు. తర్వాత అడిగింది, "అమ్మా, అమ్మమ్మ తెలుగు మురికిగా ఉంటదా?"

నేను వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో నర్సుని. అక్కడ మా స్థానిక స్టేషన్ మిడ్‌వెస్ట్ రేడియోలో మరణవార్తలు చదివే వేళకు హాలంతా నిశ్శబ్దమవుతుంది. ఎవరు పోయారు, ఏ ఊరు, ఏ చర్చిలో ప్రార్థన, అన్నీ చదువుతారు. మా దగ్గర ఉండే ఒక ముసలాయన ఒకరోజు చెప్పారు: ఈ స్టేషన్‌కి ఒకప్పుడు లైసెన్సే లేదు, మేయోలోని బాలీహానిస్ అనే ఊళ్లో దొంగచాటుగా మొదలైంది అని. అప్పటినుంచి నాకు ఆ చరిత్ర మీద ఆసక్తి పెరిగింది.

ఐర్లండ్‌లో 1926 నాటి చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం నేరం. అయినా 1970లలో, 80లలో పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ఇలాంటి స్టేషన్లు పుట్టుకొచ్చాయి. పట్టుబడినా జరిమానా చాలా తక్కువ. వాటర్‌ఫర్డ్‌లో డబ్ల్యూఎల్ఆర్ అనే స్టేషన్ 1978లో అలాగే మొదలైంది. జాతీయ స్టేషన్‌లో వినపడనివి వీటిలో వినపడేవి: పక్క ఊరి దుకాణం ప్రకటన, చుట్టుపక్కల కబుర్లు, తమకు నచ్చే కంట్రీ పాటలు. ఈ పోటీ తట్టుకోలేకే ప్రభుత్వ సంస్థ ఆర్టీఈ 1979లో కుర్రకారు కోసం రెండో స్టేషన్ పెట్టింది. పైరేట్ల (లైసెన్సు లేని ఈ స్టేషన్ల) వల్ల అత్యవసర సేవల రేడియోలకు అంతరాయం కలిగిందన్న ఫిర్యాదులూ ఉన్నాయి. వాటిని నేను కొట్టిపారేయను. చివరికి 1988లో కొత్త చట్టం వచ్చింది. పైరేట్లకు ప్రకటన ఇచ్చినా, చోటు ఇచ్చినా నేరమే అన్నారు. ఆ ఏడాది ఆఖరుకి చాలా స్టేషన్లు మూతపడ్డాయి. కానీ మరుసటి ఏడాది నుంచి స్థానిక రేడియోలకు లైసెన్సులు రావడం మొదలైంది. మిడ్‌వెస్ట్‌కీ అప్పుడే వచ్చింది.

నన్ను కదిలించింది మాత్రం పడమటి తీరంలోని కొనెమారా కథ. ఐరిష్ భాష ఈ దేశపు మొదటి అధికార భాష. బడిలో, సభల్లో దానికి పెద్దపీట. 1958లో ప్రామాణిక రూపం కూడా నిర్ణయించారు. కానీ ఆ భాషని ఇంట్లో మాట్లాడుకునే పడమటి పల్లెల వాళ్లకి రేడియోలో తమ మాట దాదాపు దొరికేది కాదు. 1970 ఈస్టర్‌కి గేల్‌టాక్ట్ (ఐరిష్ మాట్లాడే ప్రాంతాల) పౌరహక్కుల ఉద్యమం వాళ్లు అక్కడి రోస్‌మక్ ఊళ్లో లైసెన్సు లేకుండానే ప్రసారం మొదలుపెట్టారు. పేరు సేర్ రేడియో కొనెమారా, అంటే స్వేచ్ఛా కొనెమారా రేడియో. కొద్ది రోజులే నడిచింది. రెండేళ్లకి, 1972 ఏప్రిల్ 2న, ప్రభుత్వమే రేడియో నా గేల్‌టాక్టా ప్రారంభించింది. ఇప్పటికీ అందులో డోనెగల్ మనిషి డోనెగల్ యాసలోనే, కెర్రీ మనిషి కెర్రీ యాసలోనే మాట్లాడతారు. "శుభ్రం చేసుకుని రండి" అని ఎవరూ అనరు.

మన దగ్గరా ఇలాంటి రేడియో కథ ఉంది. జహీరాబాద్ ప్రాంతంలోని మాచునూరులో దళిత మహిళా రైతులు అనుమతి కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసి, 2008లో సంఘం రేడియో ప్రారంభించారు. విత్తనాల గురించి, వంటల గురించి, పాటల గురించి తమ మాటల్లోనే చెప్పుకున్నారు. ఆ యాసని మనం ఇక్కడ స్టేజి ఎక్కనిస్తామా? శ్రీకాకుళం, పాలమూరు, రాయలసీమ మాటలంటే మన సభల్లో కామెడీ స్కిట్‌కే పనికొస్తాయి. ఈ అలవాటు మనం సూట్‌కేసుల్లో పెట్టుకుని తెచ్చుకున్నదే. మా అత్తగారింట్లో నన్నూ ఇలాగే దిద్దారు. నేనూ నోరు మూసుకుని దిద్దుకున్నాను. నా కూతురు దిద్దుకోనక్కర్లేదు.

కమిటీని నేను అడిగేది ఒక్కటే. దసరా సభలో మొదటి అరగంట, అతిథి వచ్చినా రాకున్నా, డబ్లిన్ బయటి పిల్లలకి ఇవ్వండి. కెర్రీ, మేయో, డోనెగల్, ఎక్కడివాళ్లైనా సరే. స్క్రిప్టు ముందుగా చూపించమని, మాటలు మార్చమని అడగకండి. కావాలంటే హాలు అద్దెలో ఆ అరగంట వాటా మా కుటుంబాలం కడతాం.

ఈలోగా పిల్లలు ఆదివారం సాయంత్రాలు మా వంటింట్లో ఫోన్లో రికార్డు చేస్తున్నారు. మొదటిది పలాస పంపించాం. మా అమ్మ రెండుసార్లు విని, ఎలుగుబంటి అలా అరవదని చెప్పి, ఎలా అరుస్తుందో అరిచి తిరిగి పంపింది.