గుప్త చరరాశి గారికి, స్థానికత విషయమై

గుప్త చరరాశి గారికి,

విశాఖపట్నం నుంచి నమస్కారాలు. పొద్దున వాహనాలు ఆపేసి నడకకు వదిలే మా బీచ్ రోడ్డు మీద కణాల కొలతల ఫలితాలను తెర వెనుక నుంచి ముందే నిర్ణయిస్తారనే మీ (hidden variable) గురించి రోజూ పంచాయితీయే. క్వాంటం వచ్చాక తలరాత లేదని తేలిపోయిందని ఒకాయన. అసలు వాస్తవమే లేదట, అంతా మాయేనట అని ఇంకొకాయన. ఒకదానితో ఒకటి ముడిపడిన జంట కణాల ప్రయోగాలకు 2022లో ఆస్పె, క్లాజర్, జైలింగర్‌లకు భౌతికశాస్త్ర నోబెల్ వచ్చాక మీకు కర్మకాండ కూడా ముగించేశారు.

మీ మీద ఉన్న అభియోగం అది కాదని చెబితే వినేవారేరీ? 1964లో భౌతిక శాస్త్రవేత్త జాన్ బెల్ మిమ్మల్ని అడిగింది, సీట్ల కోసం మా పిల్లలు పట్టుకు తిరిగేలాంటి స్థానికత ధ్రువపత్రం. జంట కణాలు విడిపోయే ముందే మీరు జవాబులు రాసి జేబులో పెట్టి పంపారనుకుందాం. ఇక్కడి కొలత అక్కడి కణానికి సోకదనీ అనుకుందాం, స్థానికత అంటే అదే. అప్పుడు ఆ జవాబుల పొంతన ఒక లెక్కలో 2 దాటకూడదు. 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో అలాంటి రెండు ఎలక్ట్రాన్లను 1.3 కిలోమీటర్ల ఎడంలో ఉంచారు. ఆ దూరం దాటడానికి వెలుతురుకే నాలుగు మైక్రోసెకన్ల పైచిలుకు కావాలి. కొలతలు అంతలోపే ముగిశాయి. 245 సార్లు చూస్తే వచ్చింది 2.42. మీ దరఖాస్తు తిరస్కరించారు.

తిరస్కరించింది స్థానికతను, మిమ్మల్ని కాదు. 1952లో భౌతిక శాస్త్రవేత్త బోమ్ చూపించిన దారిలో కణానికి ఎప్పుడూ ఒక చోటంటూ ఉంటుంది, దాని నడక అంతా నియతమే, అంటే ముందే ఖరారైనదే. కాకపోతే ఇక్కడి కణం వేగం ఎక్కడో ఉన్న జంట కణం చోటును బట్టి అదే క్షణంలో మారుతుంది. మొత్తానికి నాన్‌లోకల్ కోటాలో సీటు కొట్టేశారు! మరో భౌతిక శాస్త్రవేత్త ఎవరెట్ 1957లో అన్ని ఫలితాలూ జరుగుతాయంటూ, మిమ్మల్ని పిలవకుండానే నియతిని ఇంట్లో పెట్టుకున్నారు.

మీ వకీళ్లలో కొందరు మాత్రం ప్రయోగశాలలో ఏ మీట తిప్పాలన్నదీ ముందే రాసి ఉందంటారు. అంత దిగజారకండి. ప్రశ్నపత్రం కూడా మీరే రాస్తే ఇక పరీక్ష ఎందుకు?

ఇంతకీ నా ఫిర్యాదు ఒకటే. కణాల మధ్య క్షణంలో కానిచ్చే మీరు, ఆ దారిన మనిషిని ఒక్క కబురూ పంపుకోనివ్వరు. అందుకే ఈ లేఖ మామూలు తపాలాలోనే వేస్తున్నాను. పిన్‌కోడ్ దగ్గర ఖాళీ వదిలాను, మీరే పూరించుకోండి.

ఇట్లు,
బీచ్ రోడ్డు నడకరి