దమ్ము కొడితే టెన్షన్ నిజంగానే పోతుందా?

వరంగల్‌లో ఏ పెద్ద ఆసుపత్రి ముందరి పాన్ డబ్బా దగ్గర నిలబడ్డా ఈ దృశ్యం కనిపిస్తుంది. లోపల పేషెంటును వదిలి బయటికొచ్చిన మనిషి బీడీ తీస్తాడు, రెండు వేళ్ల మధ్య అటూ ఇటూ నలుపుతాడు, డబ్బాకు వేలాడే లైటరుతో ముట్టిస్తాడు. మొదటి దమ్ము లోపలికి పోయిందో లేదో భుజాలు సడలుతాయి. 'ఇప్పుడు జర నయమున్నది' అంటాడు. పొగలోని నికోటిన్ ఊపిరితిత్తుల నుంచి మెదడుకు చేరడానికి పది నుంచి ఇరవై సెకన్లు పడుతుంది. ఊరట మాత్రం అంతకంటే ముందే వచ్చేసింది. మరి అది ఎక్కడి నుంచి వచ్చినట్టు?

దీని మీద ఆసక్తికరమైన పని జరిగింది. 2015లో మెదడు శాస్త్రవేత్తలు సియావోసి గు, రీడ్ మాంటేగ్‌ల బృందం 24 మంది పొగతాగేవాళ్లను మెదడు స్కానింగ్ యంత్రంలో పెట్టి షేర్ మార్కెట్ లాంటి ఆట ఆడించింది. ముందుగా వాళ్లకు ఒక సిగరెట్ ఇచ్చారు. కొన్నిసార్లు అందులో నికోటిన్ ఉంది, కొన్నిసార్లు లేదు. చెప్పిన మాట కూడా కొన్నిసార్లు నిజం, కొన్నిసార్లు అబద్ధం. 'ఇందులో నికోటిన్ లేదు' అని నమ్మిన మనిషి అసలైన సిగరెట్టే తాగినా, లాభనష్టాల నుంచి నేర్చుకునే మెదడు సంకేతాలు బలహీనంగా ఉన్నాయి. ఉందని నమ్మి తాగినప్పుడు అవే సంకేతాలు పుంజుకున్నాయి. 2024లో గు బృందమే ఇంకో అడుగు ముందుకేసింది. మన దేశంలో 2019 నుంచి నిషేధంలో ఉన్న ఈ-సిగరెట్లతో ఆ ప్రయోగం చేశారు. అన్నింట్లో నికోటిన్ ఒకే మోతాదు. చెప్పింది మాత్రం తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని. మెదడులోని థాలమస్ అనే భాగం ఆ మాటకు తగ్గట్టే మెట్టు మెట్టుగా స్పందించింది, మోతాదు నిజంగా పెరిగినట్టే.

ఇది చదివి 'అయితే అంతా మనసులోనే ఉంది, గట్టిగా అనుకుంటే మానేయొచ్చు' అనేవాళ్లు వెంటనే తయారవుతారు. ఆ మాట తప్పు, పైగా మానలేకపోతున్నవాడిని చేతగానివాడిగా నిలబెడుతుంది. గు బృందమే 2016లో తాగాలన్న యావను కొలిచింది. నికోటిన్ ఉండి, ఉందన్న నమ్మకమూ ఉన్నప్పుడే యావ తగ్గింది. నికోటిన్ ఉన్నా లేదని నమ్మితే తగ్గలేదు, లేకపోయినా ఉందని నమ్మిస్తే కూడా తగ్గలేదు. అంటే నికోటిన్, నమ్మకం రెండూ కలిస్తేనే పని.

యావ గడియారాన్ని బట్టి కాదు, ఎదురుచూపును బట్టి పెరుగుతుందని చూపించింది ఇజ్రాయెల్ పరిశోధకుడు రూవెన్ దార్. విమాన సిబ్బంది మీద ఆయన అధ్యయనం 2010లో వచ్చింది. మూడు నుంచి ఐదు గంటల ప్రయాణం చివర్లో ఉన్నవాళ్లకు సిగరెట్ మీద యావ బాగా ఎక్కువ. పది గంటలు దాటే ప్రయాణంలో సరిగ్గా అంతే సమయం గడిచినవాళ్లకు అంత లేదు. వాళ్లకూ దిగే వేళ దగ్గరపడేకొద్దీ పెరిగింది. ఇది చదివినప్పుడు నాకు గోదావరిఖని, శ్రీరాంపూర్, భూపాలపల్లి బొగ్గుబాయిలే గుర్తొచ్చాయి. భూగర్భ గనిలోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకెళ్లకూడదు, గ్యాస్ అంటుకుంటే ప్రాణాలు పోతాయి. షిఫ్టంతా పొగ లేకుండా పనిచేసి పైకి రాగానే ముట్టించే కార్మికులు మనకు తెలియనివాళ్లు కాదు. లోపల అంబర్, ఖైనీ లాంటి పొగాకు నమిలేవాళ్లూ ఉంటారు కాబట్టి దీన్ని సాక్ష్యంగా నేను చూపించను. కానీ 'గంట సేపు కూడా ఆగలేను' అనే మాటను కొంచెం అనుమానంగా చూడటానికి ఈ ఉదాహరణ చాలు.

టెన్షన్ పోతుందన్న నమ్మకానికి శరీరంలో ఒక పునాది ఉంది, అదే అసలు చిక్కు. రెండు గంటలు గడిచేసరికి రక్తంలో నికోటిన్ దాదాపు సగానికి పడిపోతుంది. చిరాకు మొదలవుతుంది, ఇంకో బీడీ కాల్చగానే సర్దుకుంటుంది. గిరిగిరి వడ్డీవాడు తన పాత బాకీ తీర్చుకోవడానికి తానే కొత్త అప్పిచ్చి మేలు చేసినట్టు కనిపించడం లాంటిదే ఇది. పెళ్లాం తిట్టినా, పత్తి ధర పడిపోయినా వచ్చే టెన్షన్‌తో పాటు బీడీ తెచ్చిన టెన్షన్ కూడా కలిసి ఉంటుంది. తాగేవాడికి ఆ రెండూ వేరువేరుగా తెలియవు. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ 26 అధ్యయనాలను కలిపి చేసిన సమీక్షను ప్రచురించింది. పొగ మానేసినవాళ్లలో ఆందోళన, దిగులు, ఒత్తిడి కొనసాగించినవాళ్లలో కంటే తగ్గాయని అది తేల్చింది.

మన దగ్గర ఇంకో నమ్మకం కూడా పాతుకుపోయింది. సిగరెట్ చెడ్డదట, బీడీ ఆకే కదా అట. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని చుట్టేది, మన అడవుల తునికాకుతో చేసేది అంత హాని చేస్తుందా అనుకుంటారు. బీడీలో పొగాకు తక్కువే. కానీ మాటిమాటికీ లాగకపోతే ఆరిపోతుంది కాబట్టి ఎక్కువ దమ్ములు పడతాయి. నికోటిన్, తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్ కంటే తక్కువేమీ రావు.

ఇక ప్యాకెట్ మీద 85 శాతం జాగాను హెచ్చరికకు ఇచ్చాం. గొంతు క్యాన్సర్ బొమ్మ వేశాం, మానడానికి సాయం చేసే 1800-11-2356 నంబర్ కూడా రాశాం. ఇదంతా అవసరమే. అయితే 'ఇది లేకపోతే నాకు పిచ్చెక్కుతుంది' అన్న లెక్కను ఆ బొమ్మ తాకనే తాకదు. భయం పుడితే దాన్ని తగ్గించుకోవడానికి కూడా ఇంకో బీడీనే ముట్టిస్తారు. మానేస్తే మనసు కుదుటపడుతుందన్న సంగతి ఆశా వర్కర్ నోటి నుంచో, పీహెచ్‌సీ డాక్టర్ నోటి నుంచో వినబడాలి. మొదటి వారాలు కష్టంగా ఉంటాయని, తర్వాత తేలికవుతుందని కూడా వాళ్లే చెప్పాలి.

స్విట్జర్లాండ్‌లో పొగ తగ్గించుకోవడానికి ఇచ్చే నికోటిన్ ప్యాచ్, గమ్ లాంటివాటి మీద జరిగిన ప్రయోగాన్ని దార్ బృందం 2005లో మళ్లీ విశ్లేషించింది. అసలు మందు వచ్చినా ఉత్తుత్తి మందు వచ్చినా, తమకు నికోటిన్ ఇచ్చారని నమ్మినవాళ్లే పొగ ఎక్కువగా తగ్గించారు. చీటీ మీద గమ్ రాసి 'వాడి చూడు, తగ్గితే తగ్గుద్ది' అని పంపించే డాక్టర్ ఆ గమ్‌లో సగం బలాన్ని తన గదిలోనే తీసేస్తున్నాడు.