రెండు వారాలన్నారు, మూడు నెలలైంది
టెక్సాస్‌లో మా పాత చిన్న విమానం, సెస్నా 172, ఇంకా మెకానిక్ షెడ్డులోనే పడి ఉంది. 12 నెలలకోసారి యాన్యువల్ ఇన్‌స్పెక్షన్ తప్పదు, ఒప్పుకుంటాను. ప్రాణాలతో పని. కానీ రెండు వారాలన్న మనిషి మూడు నెలలైనా ఫోనెత్తడేం? ఇంజిన్‌లో ఒక సిలిండర్‌లో కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) తగ్గిందట. ఆ మాట మొదటి వారమే చెప్పొచ్చుగా!

విమానం కదలకపోతే దాన్ని నిలిపే హ్యాంగర్ అద్దె ఆగుతుందా? ఇన్సూరెన్స్ ఆగుతుందా?

ఈలోపు నాకు అలవాటు తప్పిపోతోంది. గడిచిన 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేసి ఉండకపోతే పక్కన ఎవరినీ కూర్చోబెట్టుకోకూడదు. ఆ గడువు మొన్ననే దాటింది. "నాన్నా, ఈ శనివారమైనా వెళ్దామా?" అంటోంది మా అమ్మాయి. ఏం చెప్పాలి దానికి?