జీఎల్-5 పెద్ద నంబరే, కానీ మీ గేర్‌బాక్స్‌కు పై గ్రేడ్ కాదు

కారు గేర్‌బాక్స్ ఆయిల్ గురించి ఒక సందేశం ఫోన్లలో బాగా తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "గేర్ ఆయిల్ అంతా ఒకటే. దొరికితే జీఎల్-5 పోయించండి, అది జీఎల్-4 కంటే పై గ్రేడ్. మన ఎండలకు 140 లాంటి చిక్కటి ఆయిల్ పోస్తే గేర్‌బాక్స్ చప్పుడు కూడా తగ్గుతుంది. అది లేకపోతే ఇంజిన్ ఆయిల్ పోసినా నడుస్తుంది, బైకుల్లో రెండింటికీ ఒకే ఆయిల్ కదా. ఏఎంటీ (క్లచ్, గేర్లు వాటంతటవే మారే) కారైతే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పోసే ద్రవం) పోయాలి. ఒకసారి మంచి ఆయిల్ పోస్తే మళ్లీ మార్చే పనే లేదు."

ఇందులో కొన్ని మాటలు సగం నిజం. అందుకే జనం నమ్ముతున్నారు. నమ్మి నష్టపోయేది ఎక్కువగా సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు, సొంత క్యాబ్ నడుపుకుని బతికేవాళ్లు. చిన్న కారు గేర్‌బాక్స్‌లో పట్టేది సుమారు రెండు లీటర్ల ఆయిలే. అదే గేర్లు మెత్తగా పడేలా చేసే సింక్రో రింగులు అరిగిపోతే మాత్రం గేర్‌బాక్స్ మొత్తం కిందికి దించి విప్పాలి. ఆ లేబర్ ఖర్చు, బండి షెడ్డులో ఉన్నన్ని రోజుల సంపాదన, రెండూ పోతాయి. అందుకని ఆ సందేశంలోని ఒక్కో మాటనూ విడిగా పరిశీలించాలి.

"జీఎల్-5 అంటే జీఎల్-4 కంటే పై గ్రేడ్"

ఈ పొరపాటు ఇంజిన్ ఆయిల్ అలవాటు నుంచి వచ్చింది. పెట్రోల్ ఇంజిన్ ఆయిల్‌లో ఎస్ఎన్ అనే గ్రేడ్ తర్వాత 2020లో ఎస్‌పీ వచ్చింది. అక్కడ కొత్తదాన్ని పాతదాని బదులు వాడుకోవచ్చు. గేర్ ఆయిల్‌కు అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పెట్టిన జీఎల్ నంబర్లు అలా పనిచేయవు. ఏ ఆయిల్ ఏ రకం గేర్లకు, ఎంత భారానికి అన్నది అవి చెబుతాయి. జీఎల్-5 ప్రధానంగా హైపాయిడ్ గేర్ల కోసం, అంటే వెనక చక్రాలతో నడిచే బండ్ల వెనక యాక్సిల్‌లో ఉండే క్రౌన్ (పెద్ద పళ్ల చక్రం), పినియన్ (దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం) కోసం తయారైంది. అక్కడ పినియన్ మధ్యరేఖ క్రౌన్ మధ్యరేఖను కలవదు, కాస్త కిందికి జరిగి ఉంటుంది. అందువల్ల పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాకుండా విపరీతమైన ఒత్తిడితో జారుతూ రాసుకుంటాయి. మామూలు ఆయిల్ పొర ఆ ఒత్తిడికి తెగిపోతుంది. పొర తెగినచోట ఉక్కుకూ ఉక్కుకూ మధ్య అడ్డంగా నిలిచే సన్నని రసాయన పూత కోసం ఆయిల్‌లో గంధకం, భాస్వరం ఉన్న రసాయనాలు కలుపుతారు. జీఎల్-5లో ఇవి జీఎల్-4 కంటే చాలా ఎక్కువ, సాధారణంగా రెట్టింపు దాకా ఉంటాయి.

మాన్యువల్ గేర్‌బాక్స్‌లో పని వేరు. గేర్లు హెలికల్ రకం, అంటే పళ్లు ఏటవాలుగా ఉంటాయి, జారుడు తక్కువ. కానీ అక్కడ సింక్రోమెష్ అనే ఏర్పాటు ఉంది. మీరు రెండో గేరు నుంచి మూడో గేరుకు మార్చేటప్పుడు, షాఫ్టుతో తిరిగే స్లీవ్ ఒక వేగంలో, మూడో గేరు మరో వేగంలో ఉంటాయి. వాటి మధ్య ఉండే ఇత్తడి రింగు గేరు పక్కనున్న కోను మీద నొక్కుకుని, రాపిడితో రెండు వేగాలనూ కలుపుతుంది. వేగాలు కలిశాకే స్లీవ్ పళ్లు గేరు పళ్లలోకి మెత్తగా దిగుతాయి. ఆ రింగు లోపలివైపు సన్నని గాడులు చెక్కి ఉండేది ఎందుకంటే, ఆ క్షణంలో మధ్యలో ఉన్న ఆయిల్‌ను పక్కకు తోసేసి కోనును గట్టిగా పట్టుకోవడానికే. అంటే గేర్‌బాక్స్ ఆయిల్ పళ్ల దగ్గర జారుడుగా ఉండాలి, రింగు దగ్గర పట్టు పోకుండా చూడాలి. జీఎల్-5 మొదటి పని బ్రహ్మాండంగా చేస్తుంది, చాలా సందర్భాల్లో రెండో పని చెడగొడుతుంది. రింగుకు పట్టు దొరకదు, వేగాలు కలవవు, స్లీవ్ పళ్లు తిరుగుతున్న గేరు పళ్లకు తగిలి గర్రుమంటుంది. అలా గర్రుమన్న ప్రతిసారీ పళ్ల మొనలు కొద్దికొద్దిగా విరుగుతాయి.

దీనికి కొందరు ఒక ఎదురు ప్రశ్న వేస్తారు: "ముందు చక్రాలతో నడిచే కార్లలో డిఫరెన్షియల్ (శక్తిని రెండు చక్రాలకూ పంచే భాగం) కూడా గేర్‌బాక్స్‌లోనే ఉంది కదా, దానికి జీఎల్-5 వద్దా?" ప్రశ్న మంచిదే. ఇంజిన్ అడ్డంగా కూర్చున్న కార్లలో, అంటే మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లు దాదాపు అన్నిటిలో, శక్తిని 90 డిగ్రీలు మలపాల్సిన అవసరమే లేదు. అందుకని ఆ డిఫరెన్షియల్‌ను తిప్పేవీ హెలికల్ గేర్లే, హైపాయిడ్ కాదు. దానికి జీఎల్-4 చాలు. ఇంజిన్ నిలువుగా ఉండి గేర్‌బాక్స్, హైపాయిడ్ డిఫరెన్షియల్ ఒకే పెట్టెలో ఉన్న కార్లూ ఉన్నాయి. అమెరికాలో మనవాళ్లు నడిపే సుబారు మాన్యువల్ కార్లు అలాంటివి. వాటికి కంపెనీయే జీఎల్-5 రాసింది. కాబట్టి అక్కడి బంధువు "మా కారుకు జీఎల్-5 పోస్తారు" అంటే ఆ మాట నిజమే, కానీ అది మీ కారుకు వర్తించదు.

వెనక చక్రాలతో నడిచే బండ్లలో గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ అని రెండు పెట్టెలు ఉంటాయి, రెండింటికీ వేరు వేరు నట్లు, చాలావాటిలో ఆయిల్ కూడా వేరు వేరు. ఒకే డబ్బా తెచ్చి రెండింట్లోనూ పోసేయడం మనదగ్గర తరచుగా జరిగే తప్పు. ఈ తప్పు రెండు రకాలుగానూ దెబ్బతీస్తుంది. గేర్‌బాక్స్‌లో జీఎల్-5 పోస్తే గేర్లు మొరాయిస్తాయి. వెనక యాక్సిల్‌లో జీఎల్-4 పోస్తే క్రౌన్ పళ్లు గీసుకుపోతాయి. ఈ రెండోది ఇంకా ప్రమాదం, ఎందుకంటే చప్పుడు వినపడేసరికే పళ్లు పాడై ఉంటాయి.

"మన ఎండలకు చిక్కటి ఆయిలే మంచిది"

రామగుండంలో, రెంటచింతలలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, నిజమే. కానీ గేర్ ఆయిల్‌కు 90, 140 అనే నంబర్లు ఇచ్చేదే 100 డిగ్రీల దగ్గర కొలిచి. ఆ వేడిలో 90 గ్రేడ్ చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్‌ల (చిక్కదనాన్ని కొలిచే యూనిట్) మధ్య ఉంటే, 140 గ్రేడ్ 24 దగ్గర మొదలవుతుంది. బయట పది డిగ్రీలు పెరిగినంత మాత్రాన అంత చిక్కటి ఆయిల్ అక్కర్లేదు. పైగా మనదేశంలో అమ్మే కారుకు కంపెనీ ఆయిల్ రాసేది మన ఎండలను లెక్కలోకి తీసుకునే. చిక్కటి ఆయిల్ పోసిన కారును చలికాలం తెల్లవారుజామున లంబసింగిలోనో ఆదిలాబాద్‌లోనో స్టార్ట్ చేసి చూడండి. గేర్ రాడ్ కదలనంటుంది. చిక్కటి ఆయిల్‌ను పక్కకు తోసి కోనును పట్టుకోవడం ఇత్తడి రింగుకూ కష్టమే.

చప్పుడు తగ్గుతుందన్న మాట ఇంకా హాని చేసేది. గేర్‌బాక్స్‌లో ఊళ వేసినట్టు చప్పుడు వస్తుంటే సాధారణంగా బేరింగ్ అరిగిందనో, ఆయిల్ మట్టం పడిపోయిందనో అర్థం. చిక్కటి ఆయిల్ ఆ చప్పుడును కొన్నాళ్లు మూసిపెడుతుంది, అరుగుదల లోపల సాగుతూనే ఉంటుంది. అమ్మకానికి పెట్టిన పాత కార్లలో కొందరు ఈ పని చేస్తారు. కొనేవాళ్లు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే బండి తీసి గేర్లు మార్చి చూడటం మేలు.

"ఇంజిన్ ఆయిల్ పోసినా నడుస్తుంది"

ఇందులో కొంత నిజం ఉంది. గేర్ ఆయిల్ 90, ఇంజిన్ ఆయిల్ 40 అంటే మొదటిది రెండింతలు చిక్కన అనుకుంటారు. రెండూ వేరు వేరు కొలబద్దలు. 100 డిగ్రీల దగ్గర 40 గ్రేడ్ ఇంజిన్ ఆయిల్ 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్‌ల మధ్య ఉంటుంది, అంటే చిక్కదనంలో 90కి దగ్గరే. 1959లో వచ్చిన బ్రిటిష్ మినీ కారులో ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ ఒకే ఆయిల్. హోండా తన కొన్ని మాన్యువల్ కార్ల పుస్తకంలో, సరైన ఆయిల్ దొరకనప్పుడు తాత్కాలికంగా 10డబ్ల్యూ-30 ఇంజిన్ ఆయిల్ వాడవచ్చని రాసింది. వీలైనంత త్వరగా తీసేసి అసలుది పోయాలని కూడా అక్కడే రాసింది. సందేశం పంపేవాళ్లు ఈ రెండో వాక్యం వదిలేస్తున్నారు.

బైకు పోలిక అసలు కుదరదు. బైకు గేర్లలో సింక్రో రింగులు ఉండవు, గేర్ల పక్కనున్న మొద్దు పళ్లు (డాగ్ పళ్లు) నేరుగా పడతాయి. బైకు ఆయిల్ తడి క్లచ్ (ఆయిల్‌లోనే తిరిగే క్లచ్) జారిపోకుండా ఉండేలా తయారవుతుంది. ఆ కథ వేరు, కారు కథ వేరు.

"ఏఎంటీ అంటే ఆటోమేటిక్, ఏటీఎఫ్ పోయాలి"

సందేశంలో నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది ఈ మాటే. 2014లో మారుతీ సెలెరియో కారుతో మనదేశంలో ఏఎంటీ మొదలైంది. ఇప్పుడు చిన్న కార్లు చాలావాటిలో ఉంది, కొన్నవాళ్లలో చాలామంది దాన్ని ఆటోమేటిక్ అనే పిలుస్తారు. నడపడానికి ఆటోమేటిక్కే, లోపల మాత్రం అదే మాన్యువల్ గేర్‌బాక్స్, అదే క్లచ్, అవే ఇత్తడి రింగులు. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మన కాలు, చేయి బదులు ఒక యూనిట్ చేస్తుంది. కాబట్టి గేర్‌బాక్స్‌లో ఉండాల్సింది ఆ మాన్యువల్ గేర్‌బాక్స్‌కు రాసిన ఆయిలే. హైడ్రాలిక్‌తో పనిచేసే యూనిట్ అయితే దానికి విడిగా వేరే ద్రవం, వేరే చిన్న డబ్బా ఉంటాయి. ఒకదాని బదులు ఒకటి పోయకూడదు. సర్వీసుకు ఇచ్చినప్పుడు ఈ ఒక్క విషయం నోటితో చెప్పి, బిల్లులో ఏ ఆయిల్ పోశారో రాయించుకోండి. విదేశాల్లో కొన్ని మాన్యువల్ గేర్‌బాక్స్‌లకు, ఉదాహరణకు బోర్గ్‌వార్నర్ టీ-5కు, తయారీదారే ఏటీఎఫ్ రాసిన మాట నిజం. అక్కడా పుస్తకం చెప్పిందే పోశారు.

"మళ్లీ మార్చే పనే లేదు"

ఇంజిన్‌లోలా గేర్‌బాక్స్‌లో మసి చేరదు, అందుకే ఆయిల్ ఎక్కువకాలం నిలుస్తుంది. అయితే రింగుల నుంచి రాలే ఇత్తడి పొడి ఎక్కడికీ పోదు. డ్రెయిన్ నట్టుకు అయస్కాంతం ఉన్నా అది ఇనుప రజనునే పడుతుంది, ఇత్తడిని పట్టదు. డ్రైవ్ షాఫ్టు సీళ్ల దగ్గర చెమ్మగా కారి మట్టం తగ్గడం కూడా మామూలే. చాలా కార్లలో గేర్‌బాక్స్‌కు డిప్‌స్టిక్ ఉండదు, కాబట్టి తగ్గిన సంగతి పైకి తెలియదు. బండిని సమతలంగా నిలిపి పక్కనున్న ఫిల్లర్ నట్టు విప్పితే, ఆయిల్ ఆ రంధ్రం అంచుదాకా ఉండాలి. పని మొదలుపెట్టేటప్పుడు ఎప్పుడూ ముందు ఫిల్లర్ నట్టే విప్పించండి. కిందిది ముందు విప్పి ఆయిల్ వదిలేశాక పైది బిగుసుకుపోయిందని తేలితే, ఖాళీ గేర్‌బాక్స్‌తో బండి కదల్చలేరు.

దీనికి ఎదురుగా తిరిగే మరో పుకారు

"జీఎల్-5 పడితే ఇత్తడి కరిగిపోతుంది, గేర్‌బాక్స్ ఇక అయిపోయినట్టే" అని ఇంకో సందేశం ఉంది. దాన్నీ ఒప్పుకోలేను. బాగా వేడెక్కినప్పుడు చురుకైన గంధకం రాగి లోహాలను నల్లబరిచి తినేస్తుందన్నది నిజం. మెరుగుపెట్టిన రాగి పట్టీని వేడి ఆయిల్‌లో మూడు గంటలు ముంచి రంగు చూసే పరీక్ష ఉన్నది అందుకే. కానీ ఇప్పటి ఆయిళ్లలో ఆ చర్యను అణిచే రసాయనాలు కూడా కలుపుతున్నారు. కొద్దిరోజుల్లో రింగులు కరిగిపోవడం జరగదు. ముందుగా కనిపించేది గేరు పడేటప్పుడు గర్రుమనడమే, అది చాలావరకు సరిచేయగలిగిందే.

ఇప్పటికే పోయించి ఉంటే టెన్షన్ పడకండి. బండి కాస్త తిప్పి ఆయిల్ వెచ్చబడ్డాక పూర్తిగా దించి, పుస్తకంలో రాసిన జీఎల్-4 పోయించండి. మూలల్లో పాతది కొంత మిగులుతుంది. గేర్లు ఇంకా సరిగ్గా పడకపోతే కొన్ని వారాలకు మరోసారి మార్చండి. ఆ తర్వాత కూడా ఒకే గేరు, ముఖ్యంగా రెండోది, గర్రుమంటుంటే ఆ రింగు అరిగినట్టు. అన్ని గేర్లూ మొరాయిస్తే తప్పు ఆయిల్‌ది కాకపోవచ్చు, క్లచ్ పూర్తిగా విడవడం లేదేమో చూపించాలి. రివర్స్ ఒక్కటే గర్రుమంటే, చాలా కార్లలో దానికి సింక్రో ఉండదు కాబట్టి, బండి పూర్తిగా ఆగాక క్లచ్ నొక్కి రెండు మూడు క్షణాలు ఆగి వేస్తే సరిపోతుంది.